రాధిక టేబుల్ మీది మొక్క

కల్పలత ఏ ఆఫీసులో అడుగుపెట్టినా మొదట మొక్కలకు చోటు వెతికేది కాదు. మనుషులు ఎటు నడుస్తున్నారో చూసేది. మంచినీళ్ల దగ్గరికి ఎవరు ఎటునుంచి వస్తారు, ప్రింటర్ దగ్గర ఎందరు గుమిగూడతారు, మనిషి లేస్తే కుర్చీ ఎంత వెనక్కి జరుగుతుంది, ఇవన్నీ గోడవారగా నిలబడి గంటసేపు చూసేది. నడిచే దారి వదిలేశాక మిగిలిందే మొక్క చోటని ఆమెకు నేర్పినవాడు నర్సరీ యజమాని బ్రహ్మచారి. పది చిన్న కుండీలు పెట్టాలనిపించిన మూల ఒక పెద్దది పెట్టి ఊరుకోవాలని, కుండీలన్నీ ఒకే రంగువి ఉంటే ఎన్ని పెట్టినా కంటికి బరువనిపించదని కూడా ఆయనే చెప్పాడు. ఒక్క సంగతి మాత్రం ఆమె తనంతట తాను కనిపెట్టుకుంది. భోజనాలవేళ అందరూ లేచి వెళ్లాక ఒక్కొక్కరి కుర్చీలో నిమిషంపాటు కూర్చునేది. నిలబడి చూస్తే ముచ్చటగా ఉండే కుండీ, కూర్చుంటే ఎదుటి మనిషి మొహానికి అడ్డం వస్తుంది. అటువంటిదాన్ని తీసి పక్కన పెట్టేది.

ఆమెకు ఇరవై రెండేళ్లు. ఇల్లు కాప్రా చెరువుకు దగ్గర్లో. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా తల్లి కాంతమణి మెట్లమీంచి జారి పడి నడుము దెబ్బతిని మంచం పట్టింది. ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదు. ఏడాదిన్నర గడిచి తల్లి గోడ పట్టుకుని నడిచేసరికి తోటివాళ్లు డిగ్రీలో చేరిపోయారు. తనకన్నా చిన్నవాళ్ల పక్కన కూర్చోవడానికి మొహం చెల్లక కల్పలత మళ్లీ కాలేజీ గడప తొక్కలేదు. రెండు వీధుల అవతల బ్రహ్మచారి నర్సరీలో పనికి కుదిరింది. అక్కడ ఎక్కువ మాట్లాడనక్కర్లేదు. ఆఫీసుల్లో అసలే అక్కర్లేదు. నీళ్ల డబ్బా, తుడిచే గుడ్డ పట్టుకుని తిరిగే అమ్మాయిని ఎవరూ పలకరించరు. అది ఆమెకు హాయిగానే ఉండేది.

బ్రహ్మచారి నర్సరీ ఆఫీసులకు మొక్కలు అద్దెకిస్తుంది. ఏసీ గాలిలో, ట్యూబ్‌లైటు వెలుగులో మొక్కలు ఎక్కువ రోజులు కళగా ఉండవు. అందుకని పదిహేను రోజులకోసారి, మంగళవారంనాడు, ట్రాలీ ఆటోలో కొత్తవి తీసుకెళ్లి, అక్కడున్నవి వెనక్కి తెచ్చి, పచ్చ వల కింద నీడలో పెట్టి కోలుకోనిస్తారు. పాతదాని చోట అదే జాతిది, అదే ఎత్తుది పెట్టాలి. మారిందని ఎవరూ గుర్తుపట్టకూడదు. ఈ పనిలో పనితనమంతా అదే. నర్సరీ కుండీలు కలిసిపోకుండా ప్రతి కుండీ అడుగున ఎర్రరంగుతో ఒక చుక్క ఉంటుంది. ఆ చుక్కలు పెట్టేది కల్పలతే.

సికిందరాబాదులో సరోజినీదేవి రోడ్డు మీద ఒక ఇన్సూరెన్సు సర్వేయర్ల ఆఫీసు ఉంది. జూన్‌లో అక్కడికి ఉదయ్‌కిరణ్ అనే కొత్త మేనేజరు వచ్చాడు. వచ్చిన వారానికే బ్రహ్మచారికి ఫోన్ చేశాడు. ఆఫీసులో మొక్కలు లేక కాదు, ఎక్కువై. కల్పలత వెళ్లి చూసేసరికి ఎవరికి తోచింది వాళ్లు తెచ్చి పెట్టుకున్నారు. హార్లిక్స్ సీసాల్లో, కోసిన నీళ్ల బాటిళ్లలో, ఐస్‌క్రీం డబ్బాల్లో, ఫైళ్ల మీద, కిటికీల్లో, స్విచ్ బోర్డుల పక్కన. ఒక మనీప్లాంటు ఏసీ పైపు పట్టుకుని పైకి పాకి, గడియారాన్ని సగం మూసేసి, తొమ్మిది నుంచి మూడు వరకు అంకెలను మింగేసింది. రామభద్రరావు అనే పెద్ద సర్వేయరు టేబుల్ మీద ఒక తులసి కట్టెలా ఎండిపోయి ఉంది. దాన్ని తీసేయమంటారా అని మేనేజరు అడిగితే, అది చావలేదండీ, ఉపవాసం ఉంది అన్నాడాయన. అందరూ నవ్వారు. మేనేజరు కూడా నవ్వి, ఎవరి మొక్కలు వాళ్లు ఇళ్లకు తీసుకెళ్లాలని, ఇకనుంచి నర్సరీవాళ్లు పెట్టినవే ఉండాలని చెప్పాడు.

రెండు రోజుల్లో ఆఫీసు ఖాళీ అయింది. కిటికీ పక్క ఖాళీ టేబుల్ మీద ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. మట్టికుండీలో జానెడు స్నేక్ ప్లాంటు, కత్తుల్లా నిలబడ్డ ఏడు ఆకులు. కల్పలత దాన్ని తీయబోతుంటే పక్క సీటులోంచి శేషారత్నం లేచి వచ్చింది. ఆమె అకౌంట్సులో పెద్దావిడ, కాకినాడ వైపు మనిషి. అది మాత్రం అక్కడే ఉండాలమ్మాయ్, సార్‌తో మాట్లాడేశాను అంది. ఎందుకని కల్పలత అడగలేదు. అడిగే అలవాటు ఆమెకు లేదు. మేనేజరు మాత్రం, ఉంటే ఉండనీ గానీ మిగతావాటితో కలిసిపోవాలి, మట్టికుండీ వద్దన్నాడు. కల్పలత దాన్ని వేళ్లు కదలకుండా తీసి, నర్సరీ తెల్లకుండీలోకి మార్చి, టేబుల్ అంచునుంచి కొంచెం లోపలికి జరిపి పెట్టింది. ఆ సాయంత్రం అందరి కుర్చీల్లో కూర్చుని చూసింది. ఎక్కడినుంచి చూసినా కంటికి ఏదీ అడ్డం రావడం లేదు. గడియారం మొత్తం కనిపిస్తోంది. తను చేసిన పనుల్లో అంత తృప్తినిచ్చింది అప్పటికి ఇంకోటి లేదు.

పదిహేను రోజుల తర్వాత మంగళవారం వచ్చింది. కల్పలత పెద్ద పామ్ మొక్క ఆకులు తుడుస్తూ, ట్రాలీ నడిపే ఓంప్రకాశ్‌కు చుక్కలున్న కుండీలన్నీ కిందికి దించమని చెప్పింది. అతను ఒక్కో కుండీ ఎత్తి, అడుగు చూసి, దించుకుంటూ పోయాడు. కిటికీ పక్క టేబుల్ మీద కుండీ అడుగున కూడా చుక్క ఉంది. ఆ కుండీ నర్సరీదే మరి. ఆ టేబుల్ ఖాళీ కావడం కల్పలత చూసింది కూడా. అది మాత్రం అక్కడే ఉండాలన్న మాటా గుర్తుంది. అందుకే తెచ్చినవాటిలో మంచి స్నేక్ ప్లాంటు ఏరి, ఆకులకు మెరుపు వచ్చేలా తుడిచి, సరిగ్గా అదే చోట పెట్టింది. ఆమెకు తెలిసిన పనిలో అక్కడే ఉండాలంటే ఆ చోట అటువంటి మొక్క ఉండాలని అర్థం. అదే మొక్క ఉండాలని ఇంతవరకు ఎవరూ కోరలేదు.

ఆ శుక్రవారం నీళ్లు పోయడానికి వెళ్లినప్పుడు శేషారత్నం ఫోను పట్టుకుని ఆ మొక్క ముందు నిలబడి ఉంది. వీడియోలో ఎవరితోనో మాట్లాడుతోంది. కల్పలతను చూడగానే చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది.

"ఇదిగో, ఈ పిల్లే. కుండీ మార్చిన వేళావిశేషం ఏమిటో గానీ రెండు వారాల్లో రెండు ఆకులేసింది. ఏడు కాస్తా తొమ్మిదయ్యాయి. నువ్వే లెక్కపెట్టుకో రాధికా."

ఫోనులో తలకు స్కార్ఫు కట్టుకున్న మనిషి కనిపించింది. కనుబొమలు లేవు. లెక్కపెట్టి, నవ్వి, థాంక్సమ్మా అంది. కల్పలత తల ఊపింది. చేతిలో నీళ్ల డబ్బా బరువెక్కింది.

ఫోను పెట్టేశాక శేషారత్నం అంతా చెప్పింది. ఆ ఖాళీ టేబుల్ రాధికది. ముప్పై నాలుగేళ్లు. ఉగాదికి ముందు రొమ్ము క్యాన్సరని తేలింది. సెలవు పెట్టి వెళ్లేటప్పుడు తన మొక్కను అందరికీ చూపించి, నేను తిరిగొచ్చేదాకా దీన్ని చంపకండి అందట. అప్పటినుంచి ప్రతి శుక్రవారం శేషారత్నం దాని ఫొటో తీసి పంపుతుంది. రాధిక ఆకులు లెక్కపెడుతుంది. మందులు పడని వారాల్లో ఫోనెత్తదు గానీ ఫొటో మాత్రం చూస్తుందని ఆమె అంది. ఇంత మాట ముందు చెప్తే అయిపోయేది కదా అని కల్పలతకు అనిపించింది. మరుక్షణమే, తను అడిగినా అయిపోయేది కదా అనిపించింది.

ఆ రోజు మిగతా ఆఫీసులు ఎగ్గొట్టి బస్సెక్కి కాప్రాకు వచ్చింది. పచ్చ వల కింద స్నేక్ ప్లాంట్ల వరుసలో కొంత చోటు ఖాళీగా ఉంది. బుధవారంనాడు మల్కాజ్‌గిరిలో ఎవరిదో గృహప్రవేశం. వచ్చినవాళ్లకు రిటర్న్ గిఫ్టుగా ఇవ్వడానికి అరవై స్నేక్ ప్లాంట్లు చిన్న కుండీల్లోకి మార్చి పంపేశారు. మిగిలినవి మూడు వందల దాకా ఉన్నాయి. ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఏడు ఆకులున్నవాటిని వెతికింది. నలభై ఒకటి దొరికాయి. వాటిలో జానెడు ఎత్తువి పంతొమ్మిది. ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూసింది. తన చేత్తో వేళ్లతో సహా తీసి మట్టిలో పెట్టిన మొక్క అది. అయినా ఇదే అని ఒక్కదాని మీద వేలు పెట్టలేకపోయింది.

బ్రహ్మచారి వచ్చి ఏంది బిడ్డా అన్నాడు. ఆమె చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. కాసేపు వరుసల వంక చూసి, పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చెట్టుకు పేరు రాసుంటదా? ఆమెకు కావాల్సింది పచ్చగున్నదొకటి. గది అక్కడున్నది. నువ్వు పోయి చెప్పినవనుకో, ఆమె సుత పరేషాన్ అయితది, మనల్ని సుత ఆ ఆఫీసు నుంచి ఎల్లగొడ్తరు. నోరు మూసుకుని మంచిగ నీళ్లు పొయ్యి. ఇగ దాన్ని మార్చకు."

ఆమె మార్చలేదు. ఆఫీసులో ఆ కుండీని ఎత్తి అడుగున చుక్క గీకేసింది. జూలై గడిచింది. ఆగస్టులో శేషారత్నం ముఖంలో దిగులు కనిపించింది. రాధిక మూడో విడత మందుకు వెళ్లనంటోందట. వాళ్ల అన్నయ్య చెప్పినా వినడం లేదు. ఆకులు తొమ్మిదిగానే ఉన్నాయి. కొత్తది రావట్లేదేమ్మాయ్, ఎరువేమైనా వెయ్యాలా అని శేషారత్నం అడిగింది. ఆ వెలుగులో అది ఇంకో ఆరు నెలలకైనా ఆకు వెయ్యదని కల్పలతకు తెలుసు. తల దించుకుని ప్రింటర్ వైపు వెళ్లిపోయింది.

తర్వాతి మంగళవారం ఆమె నర్సరీలో తొమ్మిది ఆకులున్న మొక్క ఒకటి వెతికింది. దాని మొదట్లో మట్టిని చీల్చుకుని పదో ఆకు మొన చిటికెనవేలంత లేచి ఉంది. ఎనిమిది గంటలకే, ఎవరూ రాకముందే, దాన్ని తీసుకెళ్లి పెట్టి పాతదాన్ని తెచ్చేసింది. మొదటిసారి తెలియక చేసింది. ఈసారి తెలిసే చేసింది. శుక్రవారం శేషారత్నం ఆ మొలకను చూసి ఆఫీసంతటినీ పిలిచింది. రామభద్రరావు కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. మేనేజరు కూడా తన గదిలోంచి వచ్చి చూసి వెళ్లాడు. శేషారత్నం కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అలా అక్టోబరులో ఇంకోసారి, నవంబరులో మరోసారి చేసింది. ఒకసారి మొదలయ్యాక ఆపడం ఎలాగో ఆమెకు తెలియలేదు. ఆకు రాని ప్రతి వారం శేషారత్నం కళ్లు తన వైపే తిరుగుతున్నట్టుండేది. చెప్పేద్దామని ప్రతిసారీ బస్సులో మాటలు కూర్చుకునేది. లిఫ్టులో రెండో అంతస్తు వచ్చేలోపు అవి చెదిరిపోయేవి.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం, కల్పలత నీళ్లు పోస్తుండగా రాధికే వచ్చింది. ఫోనులో కంటే చిన్నగా ఉంది. గోడకు చెయ్యి ఆనించుకుంటూ నడిచింది. తిరిగి డ్యూటీలో చేరడానికి వచ్చిందని అందరూ అనుకున్నారు. ఆమె తెచ్చింది రాజీనామా కాగితం. జబ్బు వెన్నులోకి పాకిందట. ఇంకో రకం మందు మొదలుపెడతారట, ఎన్నాళ్లో చెప్పలేదట. ఆమె ఈ మాటలన్నీ మేనేజరుతో నిదానంగా చెప్పి, టీ ఇస్తే సగం తాగి, తన టేబుల్ దగ్గరికి వచ్చింది. మొక్కను ఇంటికి తీసుకెళ్తానంది. శేషారత్నం సంబరపడి, ఇకనుంచి శుక్రవారాలు నువ్వు నాకు ఫొటోలు పంపాలి అని మాట తీసుకుంది. ఆటోదాకా కుండీ పట్టుకెళ్లమని కల్పలతకు చెప్పింది.

లిఫ్టులో ఇద్దరే ఉన్నారు. కల్పలత కుండీని గుండెకు ఆనించుకుని తలుపు వంక చూస్తూ మాట్లాడింది.

"మేడమ్, ఇది మీది కాదు."

"కుండీయా? ఖాళీ చేసి పంపించేస్తాలే."

"కుండీ కాదు మేడమ్. చెట్టు. మీ చెట్టు నేనే మార్చిన. తెల్వక మార్చిన, జూన్ల."

తలుపు తెరుచుకుంది. రాధిక బయటికి వచ్చి స్కూటర్లు ఆపేచోట అరుగు మీద కూర్చుంది. కల్పలత ఎదురుగా నిలబడింది. కుండీ ఎక్కడ దించాలో తెలియలేదు.

"మరి కొత్త ఆకులు?" అంది రాధిక.

"మొదటి రెండు నాకు తెల్వక. తర్వాతయి మొలకున్నది చూసి తెచ్చిపెట్టిన. మూడుసార్లు."

 రాధిక తనకు తానే చెప్పుకుంటున్నట్టు ఆగస్టు సంగతి చెప్పింది. మూడో విడతకు వెళ్లకూడదని నిశ్చయించుకుని వారం రోజులు గోడవైపు తిరిగి పడుకుందట. శుక్రవారం ఫొటోలో మొలక కనిపించిందట. లేచి స్నానం చేసి, హాస్పిటల్‌కు వెళ్దామని అన్నయ్యను తనే లేపిందట. ఆ తర్వాత పడ్డ బాధ గురించి ఏమీ చెప్పలేదు.

"నాది ఎక్కడుంది?"

"తెల్వదు మేడమ్."

"బతికుందా?"

బతికే ఉంటుందని చెప్పాలని కల్పలతకు ఉంది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. ఇన్ని నెలలు ఆడిన అబద్ధానికి ఇంకొకటి చేర్చలేకపోయింది.

"తెల్వదు."

రాధిక స్కార్ఫు సర్దుకుంది.

"ఎందుకు చెప్పావు నాకు? ఇంటికి తీసుకెళ్లిపోయేదాన్ని కదా."

 ఆరు నెలలుగా కల్పలత ఆలోచించిందంతా ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి అనే. చెప్పాక ఆ మాట ఎక్కడికి వెళ్తుందో ఒక్కసారీ ఆలోచించలేదు. అది ఎదుటి మనిషి దగ్గరికే వెళ్లింది. ఇప్పుడు వెనక్కి తీసుకోవడానికి లేదు.

"శేషారత్నంగారికి తెలుసా?"

"తెల్వదు మేడమ్."

"చెప్పకు. చెప్తే ఏడుస్తుంది. మళ్లీ నేనే ఓదార్చాలి. నాకు ఓపిక లేదు." కోపంగా అనలేదు. ఫైలు ఎక్కడ పెట్టాలో చెప్పినట్టు చెప్పింది.

చిలకలగూడలో రాధిక ఇంటికి ఆటో మాట్లాడింది కల్పలతే. రాధిక ఎక్కి కూర్చుంది. కుండీ ఇవ్వాలో, వెనక్కి తీసుకెళ్లాలో తెలియక కల్పలత అలాగే నిలబడిపోయింది. రాధిక తల బయటికి పెట్టి పైకి చూసింది. రెండో అంతస్తు కిటికీలో శేషారత్నం చెయ్యి ఊపుతోంది.

"ఇటివ్వు," అంది రాధిక. కుండీని ఒళ్లో పెట్టుకుని, పైకి చూసి తనూ చెయ్యి ఊపింది. ఆటో వెళ్లిపోయింది.

కల్పలత పైకి వచ్చాక శేషారత్నం ఏమందమ్మాయ్ అని అడిగింది. మంచిగ పెరిగిందన్నది మేడమ్ అని కల్పలత చెప్పింది. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆమెకు భయమేసింది.

మూడు శుక్రవారాలు ఫొటో రాలేదు. నాలుగో వారం వచ్చింది. శేషారత్నం దాన్ని ఆఫీసంతా చూపించి, చివరికి నీళ్లు పోస్తున్న కల్పలత దగ్గరికి తెచ్చింది. ఎవరిదో మంచం, పక్కన స్టూలు మీద మందుల డబ్బాలు, వాటి మధ్య తెల్లకుండీ. ఎంత కళగా ఉందో చూడు అంది శేషారత్నం. కల్పలత ఆకులకన్నా ముందు మట్టి చూసింది. నల్లగా, నీళ్లు నిలిచి ఉంది. మొదళ్ల దగ్గర రెండాకులు పసుపుతేలి మెత్తబడ్డాయి. రోజూ పోస్తున్నట్టున్నారు.

"నీళ్లు జెర తక్కువ పొయ్యమనుండ్రి మేడమ్. పది దినాలకొక్కసారి చాలు."

శేషారత్నం ఒక వేలితో నెమ్మదిగా అంతా టైపు చేసి పంపింది. ఇద్దరూ ఫోను వంక చూస్తూ నిలబడ్డారు. రాధిక చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

"పడుకుందేమోలే," అని శేషారత్నం సీటులోకి వెళ్లిపోయింది. కల్పలత ఇంకాసేపు అక్కడే నిలబడి, నీళ్ల డబ్బా ఎత్తుకుని ప్రింటర్ పక్క వరుసకు వెళ్లింది.